చేతిలో గ్రంథాలయం – వెల, విలువ

ఉద్దేశం

చౌకగా దొరికే ప్రతి వస్తువూ అందరికీ ఉపయోగపడుతుందని చెప్పలేం. వస్తువు వెలను, గుణాన్ని, దానితో పాటు వచ్చే నియమాలను కలిపి తూచగల వివేకం కొనుగోలుదారునికి అవసరం. ఈ-పుస్తక పఠన పరికరాల మధ్య జరిగిన పోటీని ఉదాహరణగా తీసుకొని, ఆ పోటీలో తెలుగు పాఠకుని స్థానం ఏమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

పుస్తకాన్ని పాఠకుని ముంగిటికి చేర్చాలన్న తపన తెలుగువారికి కొత్తది కాదు. 1918లో చీరాల సమీపాన వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసింది. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో గ్రంథాలయాన్ని నడిపించారు. 1960లలో ఎమెస్కో సంస్థ చిన్న పరిమాణంలో, తక్కువ వెలకు పాకెట్ పుస్తకాలు ప్రచురించి, ఇంటింటా సొంత గ్రంథాలయం ఉండాలన్న భావనకు ప్రాచుర్యం కల్పించింది. ఈ ప్రయత్నాలన్నిటి వెనుక రెండు ప్రశ్నలున్నాయి. పుస్తకం ఎంత తక్కువ వెలకు అందుతుంది? అందిన పుస్తకం పాఠకునికి ఎంత అనుకూలంగా ఉంటుంది? ఇరవై ఒకటో శతాబ్దంలో ఈ-రీడర్ అనే పరికరం ఈ రెండు ప్రశ్నలనే ప్రపంచ విపణిలో మళ్లీ లేవనెత్తింది.

నేడు పల్నాడు జిల్లాలో ఉన్న చిలకలూరిపేట, గుంటూరు నుండి ఒంగోలుకు పోయే జాతీయ రహదారిపై ఉన్న పట్టణం. చుట్టూ పత్తి, మిరప పండే భూములు. ఇక్కడి విద్యార్థికి ధర, గుణం అన్న మాటలు అర్థశాస్త్ర గ్రంథంలో మొదటిసారిగా ఎదురయ్యేవి కావు. పత్తి కొనేవారు పింజ పొడవును, తేమను, చెత్తను చూస్తారు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ విప్పి కాయ రంగును, ఘాటును, తాలును పరీక్షించి వెల కడతారు. తూకం ఒకటే అయినా వెల ఒకటి కాదు. కొనేవారు పలువురై పోటీపడితే రైతుకు మేలు. ఒక్కరే అయితే వారు చెప్పిందే ధర. మరొక విషయం కూడా గమనింపదగినది. కొనేవారు ఏ గుణానికి వెల కడతారో ఆ గుణమున్న పంటే విస్తరిస్తుంది. ఘాటుకు గిరాకీ ఉండడం వల్లనే తేజ రకం మిరప ఈ ప్రాంతంలో అంతగా వ్యాపించింది. ఈ మూడు సూత్రాలను మనసులో ఉంచుకొని ఈ-రీడర్ల చరిత్రను పరిశీలిద్దాం.

ఈ-రీడర్ తెర కంప్యూటర్ తెర వంటిది కాదు. 1997లో అమెరికాలో స్థాపితమైన ఈ-ఇంక్ సంస్థ రూపొందించిన తెరలో కంటికి కనిపించనంత సూక్ష్మమైన గుళికలు ఉంటాయి. ఒక్కొక్క గుళికలో తెల్లని రేణువులు, నల్లని రేణువులు ఉంటాయి. వాటి విద్యుదావేశాలు పరస్పర విరుద్ధమైనవి. తెర వెనుక నుండి విద్యుత్తును ప్రసరింపజేసినప్పుడు ఒక రంగు రేణువులు పైకి, మరొక రంగువి కిందికి చేరతాయి. ఆ విధంగా అక్షరం ఏర్పడుతుంది. ఏర్పడిన అక్షరం నిలిచి ఉండడానికి మళ్లీ విద్యుత్తు అక్కరలేదు. పుట తిప్పినప్పుడు మాత్రమే ఖర్చవుతుంది. అందువల్ల ఒకసారి ఛార్జి చేస్తే ఈ పరికరం వారాల తరబడి పనిచేస్తుంది. తెర స్వయంగా వెలుగు చిమ్మక, కాగితం వలె బయటి వెలుతురునే ప్రతిఫలింపజేస్తుంది గనుక పల్నాటి ఎండలో కూడా అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది. తరచుగా కరెంటు పోయే ఊరిలో, ఆరుబయట చదువుకొనే విద్యార్థికి ఇంతకంటె అనుకూలమైన తెర మరొకటి లేదనిపిస్తుంది.

ఈ తెరతో తొలి పరికరాన్ని 2004లో సోనీ సంస్థ జపానులో విడుదల చేసింది. 2006లో అమెరికాకు తెచ్చిన సోనీ రీడర్ ధర దాదాపు 350 డాలర్లు. 2007 నవంబరు 19న అమెజాన్ సంస్థ కిండిల్‌ను 399 డాలర్లకు విడుదల చేసింది. నాటి మారకపు విలువలో అది సుమారు పదహారు వేల రూపాయలు. సోనీ కంటె ధర ఎక్కువైనా కిండిల్ నిల్వలు ఐదున్నర గంటల్లో అమ్ముడుపోయాయి. దీనికి కారణం ఒక సౌకర్యం. సోనీ రీడర్‌లోకి పుస్తకం చేర్చాలంటే ముందు కంప్యూటర్ కావాలి. కిండిల్‌లో మొబైల్ టెలిఫోన్ యంత్రాంగం ద్వారా పుస్తకం నేరుగా పరికరంలోకే దిగుతుంది. ఆ ప్రసారానికి వేరుగా రుసుము లేదు. సరైన సౌకర్యం తోడైతే పాఠకుడు ఎక్కువ వెల చెల్లించడానికి కూడా సిద్ధపడతాడని దీనివల్ల తేలింది.

2009 అక్టోబరు నాటికి కిండిల్ ధర 259 డాలర్లకు దిగింది. అదే నెలలో బార్న్స్ అండ్ నోబుల్ అనే అమెరికా పుస్తక విక్రయ సంస్థ నూక్ అనే పరికరాన్ని సరిగ్గా అదే ధరకు ప్రకటించింది. 2010లో కెనడా నుండి కోబో 149 డాలర్లకే రంగప్రవేశం చేసింది. 2010 జూన్ 21వ తేదీ ఈ పోటీలో గుర్తుంచుకోదగినది. ఆనాడు నూక్ ధరను 199 డాలర్లకు తగ్గించి, వైఫై మాత్రమే ఉన్న నమూనాను 149 డాలర్లకు ప్రకటించారు. కొన్ని గంటల్లోనే అమెజాన్ కిండిల్ ధరను 189 డాలర్లు చేసింది. ఒక్కరోజులో డెబ్బై డాలర్లు తగ్గాయి. మరుసటి నెలలో ప్రకటించిన కొత్త కిండిల్ వైఫై నమూనా 139 డాలర్లు. 2011 సెప్టెంబరులో 79 డాలర్ల కిండిల్ వచ్చింది. నాలుగేళ్లు నిండకముందే తొలి ధరలో ఐదో వంతుకు పరికరం దొరికింది.

ఈ తగ్గుదలకు కారణం ఏమిటి? తయారీ పెరిగేకొద్దీ విడిభాగాలు చౌక కావడం ఒక కారణం. వ్యాపార పద్ధతి మరొక కారణం. కిండిల్ పరికరాలను తయారీ ఖర్చుకే అమ్ముతున్నామని 2012లో అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ స్వయంగా చెప్పారు. పరికరం అమ్మినందువల్ల కలగని లాభం, ఆ పరికరం ద్వారా పుస్తకాలు అమ్మినప్పుడు కలుగుతుంది. 79 డాలర్ల కిండిల్‌లో మరొక మెలిక కూడా ఉంది. పాఠకుడు చదవడం ఆపినప్పుడు దాని తెర మీద వాణిజ్య ప్రకటనలు కనిపిస్తాయి. ప్రకటనలు లేని నమూనా ధర 109 డాలర్లు. ఆ రెంటి మధ్య ముప్పై డాలర్ల తేడా పాఠకుని చూపుకు వ్యాపారి కట్టిన వెల.

పుస్తకాల ధర పరికరాల ధరతో పాటు తగ్గలేదు. అమెజాన్ కొత్త పుస్తకాలలో అనేకం 9.99 డాలర్లకు అమ్మేది. 2010లో ఐదు పెద్ద ప్రచురణ సంస్థలు ఆపిల్ సంస్థతో ఒప్పందాలు చేసుకొని, విక్రయ ధరను తామే నిర్ణయించే పద్ధతిని ప్రవేశపెట్టాయి. దానితో అనేక కొత్త పుస్తకాల ధర 12.99, 14.99 డాలర్లకు పెరిగింది. ఇది కుమ్మక్కు అని 2012లో అమెరికా ప్రభుత్వం దావా వేయగా, 2013లో న్యాయస్థానం ఆపిల్‌ను తప్పుపట్టింది. పరికరం వెల పడిపోయిన సంవత్సరంలోనే పుస్తకం వెల పెరిగిందన్నమాట. అందువల్ల కొనేవారు పరికరం మీద ముద్రించిన ధరను మాత్రమే కాక, ఆ తరువాత చెల్లించవలసినదంతా లెక్కించుకోవాలి.

ధరల పోటీతో పాటు సౌకర్యాల పోటీ కూడా సాగింది. మీటల స్థానంలో స్పర్శ తెర వచ్చింది. 2012లో నూక్ తన తెరకు ముందు వైపు నుండి మృదువైన దీపకాంతి పడే ఏర్పాటు చేసింది. ఆ ఏడాదే కిండిల్ పేపర్‌వైట్ అదే సౌకర్యంతో వచ్చింది. ఒక సంస్థ కల్పించిన సౌకర్యాన్ని మరొకటి నెలల వ్యవధిలో అందుకోవడం ఆరోగ్యకరమైన పోటీకి లక్షణం. ఆ ఫలితం పాఠకునికే దక్కింది.

ఇక భారతదేశ విషయం. 2009 అక్టోబరులో కిండిల్‌ను విదేశాలకు పంపడం మొదలైనప్పుడు మన దేశం కూడా ఆ జాబితాలో ఉంది. 2010లో అహ్మదాబాదుకు చెందిన ఇన్ఫీబీమ్ సంస్థ ‘పై’ అనే ఈ-రీడర్‌ను రూ.9,999కు విడుదల చేసి, భారతీయ భాషల పుస్తకాలు కూడా దానిలో చదవవచ్చునని ప్రకటించింది. 2012 ఆగస్టులో కిండిల్ మన దేశపు దుకాణాలలో రూ.6,999కు లభించసాగింది. ధర విషయంలో స్వదేశీ పరికరం వెనుకబడింది. భాష అనే సౌకర్యంలో ముందుండవలసిన అవకాశం దానికున్నా, భారతీయ భాషలలో విస్తారంగా ఈ-పుస్తకాలు లేనందువల్ల ఆ గుణానికి గిరాకీ ఏర్పడలేదు.

ధర మీదనే దృష్టి నిలిపితే ఏమవుతుందో ‘ఆకాశ్’ టాబ్లెట్ నిరూపించింది. అది ఈ-రీడర్ కాదు. విద్యార్థులు పాఠాలు చదువుకొనేందుకు ఉద్దేశించిన చౌక కంప్యూటర్ పలక. 2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం దానిని ఆవిష్కరించింది. డేటావిండ్ సంస్థ హైదరాబాదులో దాని విడిభాగాలను కూర్పించి, ప్రభుత్వానికి ఒక్కొక్కటి రూ.2,276 చొప్పున సరఫరా చేసింది. ప్రపంచంలోనే అత్యంత చౌకైన పలకగా అది పేరు పొందింది. కాని నొక్కి రాస్తే తప్ప స్పందించని తెర, మందకొడి ప్రాసెసర్, త్వరగా అడుగంటే బ్యాటరీ కారణంగా తొలి నమూనా విమర్శలకు గురైంది. తరువాతి నమూనాలో లోపాలను సరిదిద్దవలసి వచ్చింది. తాలు కాయను చౌకగా కొన్నంత మాత్రాన అది లాభసాటి బేరం కాదు కదా!

ఇప్పుడు తెలుగు పాఠకునికి కీలకమైన సౌకర్యాన్ని గురించి ఆలోచిద్దాం. ఆంగ్లంలో అక్షరం పక్కన అక్షరం చేరుతుంది. తెలుగులో అక్షరం కింద ఒత్తు, మీద గుడి, పక్కన కొమ్ము చేరతాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్నే తీసుకోండి. ప్రపంచ భాషలకు ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో దీనికి ఆరు సంకేతాలు కావాలి: స, పొల్లు, త, పొల్లు, ర, చివర ఈకార చిహ్నం. ఈ ఆరింటినీ కలిపి ఒకే ముద్దగా చూపే ప్రోగ్రాము పరికరంలో ఉండాలి. అది లేకపోతే ఒత్తులు విడిపోయి వరుసగా కనిపిస్తాయి. తెలుగు ఫాంటు కూడా లేకపోతే ఖాళీ డబ్బాలు దర్శనమిస్తాయి. పరికరం ఎంత చౌకైనా, ఎంత తేలికైనా, దానివల్ల తెలుగు పాఠకునికి ఒరిగేదేమీ ఉండదు.

పుటను ఫోటో వలె యథాతథంగా చూపే పి.డి.ఎఫ్. పద్ధతి ఉందిగదా అనవచ్చు. లెక్క వేసి చూద్దాం. డెమీ 1/8 పరిమాణంలో ముద్రించిన తెలుగు పుస్తకం వెడల్పు సుమారు ఐదున్నర అంగుళాలు. ఆరు అంగుళాల ఈ-రీడర్ తెర అంటే మూల నుండి మూలకు కొలత. దాని వెడల్పు సుమారు 3.6 అంగుళాలు మాత్రమే. పుట మూడింట రెండు వంతులకు కుంచించుకుపోతుంది. పన్నెండు పాయింట్ల అక్షరం ఎనిమిది పాయింట్లవుతుంది. ఆ పరిమాణంలో ఒత్తులు చదవడం యువకులకే కష్టం. కంటిచూపు తగ్గిన తాతయ్యకు అసాధ్యం. అక్షరాన్ని పెద్దది చేస్తే పంక్తులు వాటంతట అవే సర్దుకొనే పుస్తకం కావాలంటే దానిని యూనికోడ్‌లో కూర్చి ఉండాలి. మన ప్రచురణకర్తలలో అధిక సంఖ్యాకులు దశాబ్దాల పాటు అను వంటి ఫాంట్లతో పుస్తకాలు కూర్చారు. అవి యూనికోడ్ కంటె భిన్నమైన సంకేతాలతో పనిచేస్తాయి. వాటిని మార్చి, దోషాలు దిద్ది, ఈ-పుస్తకం చేయడానికి అదనపు శ్రమ, ఖర్చు అవసరం. తక్కువ ప్రతులు అమ్ముడయ్యే భాషలో ఆ ఖర్చుకు సాహసించేవారు తక్కువ.

ఫలితం ఊహింపదగినదే. 2016 డిసెంబరులో కిండిల్ భారతీయ భాషల పుస్తకాల విభాగాన్ని ప్రారంభించినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలకు చోటు దక్కింది. కోట్లాదిమంది మాట్లాడే తెలుగుకు ఆ ఐదింటిలో స్థానం లభించలేదు. జనసంఖ్య వేరు, గిరాకీ వేరు. పుస్తకం కొనే చేతులు, పుస్తకం అడిగే గొంతులు ఉన్నప్పుడే విపణిలో భాషకు విలువ ఏర్పడుతుంది. తెలుగువారి ప్రయత్నాలు బొత్తిగా లేవని దీని అర్థం కాదు. 2010లో హైదరాబాదులో ప్రారంభమైన ‘కినిగె’ తెలుగు ఈ-పుస్తకాలను అమ్మడమే కాక, తక్కువ రుసుముకు కొంతకాలం అద్దెకిచ్చే పద్ధతిని కూడా ప్రవేశపెట్టింది. వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు హక్కుల కాలం తీరిన తెలుగు గ్రంథాలను యూనికోడ్‌లో టైపు చేసి అందరికీ ఉచితంగా అందిస్తున్నారు. ప్రత్యేక పరికరం లేకపోయినా చేతిలోని ఫోను మీద వీటిని చదువుకోవచ్చు.

వెలకు, సౌకర్యానికి తోడు మూడవ అంశం నియమాలు. అచ్చు పుస్తకం కొన్నవాడు దానిని మిత్రునికి ఇవ్వవచ్చు, పాత పుస్తకాల అంగడిలో అమ్మవచ్చు. ఈ-పుస్తకాలలో చాలావాటికి ఈ స్వేచ్ఛ లేదు. 2009 జులైలో అమెజాన్, హక్కులు లేని విక్రేత అమ్మిన జార్జ్ ఆర్వెల్ రచనలు రెండింటిని కొన్నవారి కిండిల్ పరికరాల నుండి వారి ప్రమేయం లేకుండానే తొలగించింది. సొమ్ము తిరిగి ఇచ్చినా నిరసన వెల్లువెత్తగా సంస్థ అధిపతి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. మన దేశంలో ఫ్లిప్‌కార్ట్ 2012లో ప్రారంభించిన ఈ-పుస్తక విక్రయాన్ని 2015 చివరలో విరమించి, పాఠకుల పుస్తకాలను కోబోకు బదిలీ చేయవలసి వచ్చింది. అంగడి మూతపడితే ఇంట్లోని పుస్తకం ఏమవుతుందన్న ప్రశ్న అచ్చు పుస్తకాల యుగంలో ఎవరికీ తట్టలేదు.

పోటీ సడలితే ధర ఏమవుతుందో కూడా చూద్దాం. 2014లో సోనీ ఈ రంగం నుండి వైదొలగింది. స్మార్ట్ ఫోన్లు విస్తరించడంతో మన దేశంలో ఈ-రీడర్ల గిరాకీ పరిమితమైంది. 2012లో రూ.6,999 ధరతో మొదలైన కిండిల్ శ్రేణిలో, 2025 ఏప్రిల్‌లో మన దేశానికి వచ్చిన కొత్త పేపర్‌వైట్ ధర రూ.16,999. ఈ రెండూ ఒకే తరగతి నమూనాలు కావు. రెండవదాని తెర పెద్దది, దీపకాంతి ఉన్నది. రూపాయి విలువ కూడా మారింది. అయినా ఒక్కరోజులో డెబ్బై డాలర్లు తగ్గించిన నాటి ఉరవడి నేడు కనిపించదన్నది స్పష్టం. పోటీ అనేది ఒకసారి నాటితే ఎల్లకాలం కాసే చెట్టు కాదు. అది ఏటేటా విత్తవలసిన పైరు.

కనుక ఇటువంటి పరికరం కొనదలచిన విద్యార్థి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. దీని మొత్తం ఖర్చు ఎంత? నా భాషను ఇది సరిగా చూపగలదా? నాకు కావలసిన పుస్తకాలు ఇందులో దొరుకుతాయా? దొరికిన పుస్తకం నిజంగా నాదవుతుందా? సంతృప్తికరమైన సమాధానం లభించకపోతే ఆ సొమ్ముతో అచ్చు పుస్తకాలు కొనుక్కోవడం, గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోవడం ఉత్తమం. సమాధానం లభించే వరకు అడుగుతూ ఉండడం అంతకంటె ముఖ్యం. ఘాటును అడిగిన కొనుగోలుదారులే ఈ నేలలో తేజ మిరపను విస్తరింపజేశారు. ఒత్తు చెదరని తెలుగును అడిగే పాఠకులు పెరిగిననాడు పోటీపడే సంస్థలు ఆ గుణాన్ని కూడా తప్పక పండిస్తాయి.

అర్థాలు

విపణి = అంగడి, మార్కెట్
రేణువు = మిక్కిలి చిన్న కణం
పింజ = దూది పోగు
తాలు = సారం లేని కాయ లేక గింజ
టిక్కీ = మిరపకాయల బస్తా
కుమ్మక్కు = రహస్యంగా చేతులు కలపడం
ఉరవడి = వేగం

అభ్యాసాలు

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఈ-రీడర్ల మధ్య 2007 నుండి 2011 వరకు సాగిన ధరల పోటీని వివరించండి.
2. తెలుగు పాఠకునికి ఈ-రీడర్లు పూర్తిగా ఉపయోగపడకపోవడానికి గల కారణాలను చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఈ-ఇంక్ తెర మీద అక్షరం ఎలా ఏర్పడుతుంది?
2. ‘ఆకాశ్’ టాబ్లెట్ అనుభవం వల్ల తెలిసేదేమిటి?
3. ‘జనసంఖ్య వేరు, గిరాకీ వేరు’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. పడవలో గ్రంథాలయాన్ని నడిపించినది ఎవరు?
2. ‘స్త్రీ’ అన్న అక్షరానికి యూనికోడ్‌లో ఎన్ని సంకేతాలు కావాలి?
3. సారస్వత నికేతనం ఏ సంవత్సరంలో వెలసింది?

ఈ) సంధులు విడదీసి, సంధి పేరు రాయండి.
గ్రంథాలయం, గ్రంథాలయోద్యమం, విద్యుదావేశం, ప్రత్యేకం

ఉ) ప్రాజెక్టు పని
మీ ఊరిలో ఐదుగురు పాఠకులను కలిసి, వారు అచ్చు పుస్తకం, ఫోను, ఈ-రీడర్‌లలో దేనిని ఇష్టపడతారో అడగండి. ధర, అనుకూలత, భాష, యాజమాన్యం అన్న నాలుగు శీర్షికల కింద వారి అభిప్రాయాలను పట్టికగా రాయండి.